పదకొండు గంటల మీటింగు

మా బడిలో వంట చేసే కాంతమ్మను తీసేస్తున్నారన్న సంగతి స్టాఫ్ రూంలో అందరికంటే ఆలస్యంగా నాకు తెలిసింది. నేను తెలుగు టీచర్ని, పేరు జయశ్రీ. నోరు పెద్దదని అమరచింత చుట్టుపక్కల నాకు బాగానే పేరుంది. అందుకే నా దాకా రానివ్వలేదు.

ఎందుకు తీసేస్తున్నారని అడిగితే హెడ్మాస్టర్ రాఘవేందర్ గారు కిటికీ వైపు చూశారు.

"వంట మంచిగ లేదంట మేడం. కమిటీల అనుకున్నరు."

బడి కమిటీ అంటే రామచంద్రయ్యే. ఊళ్ళో పెద్ద రైతు. ఆయన దగ్గితే మిగతా సభ్యులు తలూపుతారు. ఆయన తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. తమ్ముడి భార్య రాములమ్మకు ఏదో ఒక ఆధారం చూపించాలి. పొలంలో వాటా ఇవ్వడం కంటే బడిలో పని ఇప్పించడం ఆయనకు తేలిక. వంట బాగాలేదన్నది పచ్చి అబద్ధం. కాంతమ్మ పప్పుకు పోపు పెడితే పాఠం మధ్యలో నాకే మాట తడబడుతుంది, ఇక పిల్లల సంగతి చెప్పాలా?

కాంతమ్మ భర్త ప్రభుదాసు ఏటా పుణె వైపు మట్టిపనికి పోతాడు. ఇక్కడ ఈ పని ఉంది కాబట్టే ఆమె, కూతురు కృప ఊళ్ళో ఉంటున్నారు. పని పోతే తల్లీకూతుళ్ళు మూటా ముల్లె సర్దుకుని ఆయన వెంట వెళ్ళాల్సిందే. కృప మా ఏడో తరగతిలో చదువుతోంది. పుణెలో ఆ పిల్లను బడికి పంపేదెవరు? నాకు అసలు కోపం అక్కడ వచ్చింది.

మా టీచర్ల సంఘానికి ఫోన్ చేశాను. ఖండిస్తామన్నారు. ఖండించడంలో మావాళ్ళు దిట్టలు.

వంటవాళ్ళకూ ఒక సంఘం ఉంది. దాన్ని నడిపేది నర్సమ్మ, ఆమె కూడా అమరచింతలో ఒక బడిలో వంటమనిషే. కబురు పెడితే మరునాడే ఆటోలో దిగింది. దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ సంఘం పద్ధతే అంత. ధర్నా చేసినా, దరఖాస్తు ఇచ్చినా, పిల్లలు తిని గిన్నెలు కడిగాకే. పిల్లల్ని పస్తుంచి గెలవడం తమకు వద్దని మొదట్లోనే అనుకున్నారట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. ఈ సంగతి మండలంలో అందరికీ తెలుసు.

రామచంద్రయ్యకూ తెలుసు. అందుకే కమిటీ మీటింగు సోమవారం పొద్దున పదకొండు గంటలకు పెట్టించాడు.

నర్సమ్మ విని నవ్వింది. "తెలివిగల్లాయనే. గప్పుడు మా అన్నం పొయ్యి మీద ఉంటది, మేమేడికెళ్ళి వస్తమని అనుకున్నడు."

"మరి ఏం చేద్దాం?" అన్నాను.

"కురుమయ్య అన్నతోని మాట్లాడాలె మేడం."

కురుమయ్య మార్కెట్ యార్డులో హమాలీ సంఘం పెద్ద. పోయిన ఎండాకాలం హమాలీలు సమ్మెలో కూర్చుంటే, బడి సెలవుల్లో ఉన్న ఈ ఆడవాళ్ళే వాళ్ళకు రోజూ వండిపెట్టారు. నర్సమ్మ ఫోన్లో విషయం చెప్పగానే ఆయన గొంతు నాకు కూడా వినిపించింది.

"పొయ్యిల కాడ మేముంటం, మీరు నిమ్మలంగ పోయి రండ్రి. బొంబాయి పనికి పోయినప్పుడు మా గుంపుకంతా నేనే వండిపెట్టిన. పప్పు తిప్పనీకె మాకు రాదా?"

సోమవారం పదకొండు అవుతుండగా నేను వంటగదికి వెళ్ళి కాంతమ్మను మీటింగుకు రమ్మన్నాను. ఆమె తలెత్తలేదు.

"నేనొస్తే పిల్లలకు ఆలస్యమైతది మేడం. మీరు మాట్లాడుండ్రి."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే పొగ అంది. మా బడిలో గ్యాసు పొయ్యి. నేను ఆరో తరగతి గదికి వచ్చేశాను. మీటింగు అక్కడే.

రామచంద్రయ్య రాములమ్మను వెంటబెట్టుకుని అప్పటికే వచ్చాడు. రాఘవేందర్ గారు తీర్మానం చదవబోతుంటే బయట ఆటోలు ఆగాయి. చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళలో వంట చేసే ఆడవాళ్ళు దిగారు. ప్రతి బడిలోనూ ఒకరు పొయ్యి దగ్గర ఆగి, ఒకరు ఇటు వచ్చారు. ఆగినవాళ్ళకు సాయం హమాలీలు. ఆ రోజు కొన్ని బళ్ళలో పప్పు కాస్త కారమైందని తర్వాత విన్నాను. ఏ బడిలోనూ భోజనం మాత్రం ఆలస్యం కాలేదు. ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి పిల్లల బల్లల మీద సర్దుకుని కూర్చుంటుంటే నా గుండె నిండిపోయింది. నా సంఘం కూడా ఇట్లా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను.

"మీరంత ఇక్కడికొస్తే అక్కడ పిల్లలకు ఎవరు వండుతున్నరు?" అన్నాడు రామచంద్రయ్య.

"వాళ్ళ పరేషాన్ మీకొద్దన్నా," అంది నర్సమ్మ. "కాంతమ్మ వంటల తప్పేంది? తినకుండ లేచిపోయిన పిల్లగాడు ఎవరో ఒక్కని పేరు చెప్పుండ్రి."

సభ్యులంతా రామచంద్రయ్య వైపు చూశారు. నేను లేచాను.

"పిల్లలకంటె ముందు రోజూ రుచి జూసేది నేను. వంట ఎట్లుందని నన్నెవరూ అడుగలే. ఇప్పుడడుగుండ్రి సార్."

రాఘవేందర్ గారు చేతిలోని కాగితం మడిచారు. "వంట మంచిగనే ఉంటది," అన్నారు మెల్లగా. పాపం, ఆయన అంత ధైర్యం చేయడం నేను చూడటం అదే మొదటిసారి.

రామచంద్రయ్య ముఖం మాడింది. "అయితే మా తమ్ముని భార్య ఏం కావాలె? ఆమెకు బతుకు లేదా?"

నర్సమ్మ రాములమ్మ వైపు తిరిగింది.

"నీకు పని కావాలెనా చెల్లె?"

అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తల దించుకునే, కావాలె అంది.

"పిల్లలు పెరిగిన్రు. ఇద్దరి పని కాంతమ్మ ఒక్కతే జేస్తున్నది. ఇంకో మనిషి కావాలెనని ఈ కమిటీ రాస్తే, మండలాఫీసుకు మా సంఘమంత నీ వెంట వస్తది. రెండు దాటినంకనే అనుకో." ఆడవాళ్ళంతా నవ్వారు. "కాంతమ్మ చేతులకెళ్ళి గుంజుకుంటవో, ఆమెతోని కలిసి అడుగుతవో, నీ ఇష్టం."

రాములమ్మ బావ వైపు చూసింది. లేచి ఆడవాళ్ళ దగ్గరికి వస్తుందనుకున్నాను. వాళ్ళను దాటుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను ఆగలేక వెనకాలే వెళ్ళాను.

వంటగది గుమ్మంలో రాములమ్మను చూడగానే కాంతమ్మకు లోపల ఏం తేలిందో అర్థమైపోయింది, అంటే ఆమె అట్లా అనుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని గరిటె రాములమ్మ ముందుకు చాపింది.

"ఉప్పు ఇంకా ఎయ్యలే. రెండో తరగతిల ఒక పిల్లకు కారం పడది, ఆ పిల్లకు ముందుగాలనే తీసిపెట్టు. చిన్నపిల్లల దిక్కు వేడి గిన్నె పెట్టకు. ఒక పిలగాడు రెండోసారి అడగనీకె సిగ్గుపడ్తడు, నువ్వే అడిగి ఎయ్యి," అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కృప గురించి, తన గురించి ఒక్క మాట లేదు.

రాములమ్మ గరిటె అందుకోలేదు. మూలనున్న కత్తిపీట వాల్చుకుని వంకాయల ముందు కూర్చుంది.

"అది నీకాడనే ఉండనీ అక్కా. నిన్నెవరు తీసేస్తలేరు. ఇవి ఎట్ల కొయ్యాలె చెప్పు, పెద్దగనా, చిన్నగనా?"

"చిన్నగనే," అంది కాంతమ్మ. అని, చేతిలో గరిటెతోనే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నేను వెళ్ళి మంట తగ్గించాను.