ఇరవయ్యారో మనిషి

మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాడు. రెండు చేతులతో పక్కనున్న చెక్క కమ్మీ పట్టుకుని, ఎడమ పాదం కింది మెట్టు మీద ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, అప్పుడు కుడి మోకాలు మెల్లగా వంచుతాడు. మొత్తం పదమూడు మెట్లు. నిద్ర లేచిన గంటసేపు అతని మోకాళ్ళు అతని మాట వినవు. రాత్రంతా ఎవరో వాటిలో ఇసుక పోసినట్టు కరకరమంటాయి. ముందుకు దిగితే తూలతాడు, వెనక్కి దిగితే తూలడు. ఈ కిటుకు కనిపెట్టి నాలుగేళ్ళయింది. జట్టు డాక్టరుకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

కింద వంటింట్లో అత్తగారు రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వస్తున్నావా బాబూ, వెళ్తున్నావా?" వీపు తిప్పుకుని దిగే అల్లుణ్ణి చూసి ఆవిడ వేసే పరాచికం అది. నాలుగేళ్ళుగా ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఇవాళ ఆవిడ అడగలేదు. బల్ల దగ్గర కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"పేపరు రాలేదు," అంది, అతను అడక్కుండానే.

ఉడికించిన గుడ్లు రెండూ వలుచుకుని తిన్నాడు. రొట్టె ముక్క తిన్నాడు. పాలు తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. అప్పుడు ఆవిడ కూర్చున్న కుర్చీ వైపు చూశాడు. ఆవిడ కూర్చున్న చోట కింద నుంచి నాలుగు వేళ్ళ మేర కాగితం బయటికొచ్చి ఉంది.

"అత్తయ్యగారూ, కాస్త లేస్తారా?"

"నాకు మోకాళ్ళ నొప్పులు, లేవలేను."

"నాకూ అవే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. లేచి, నలిగిన పేపరు చేత్తో సాపు చేసి ఇచ్చింది. ఆటల పేజీలో సగం మేర అదే వార్త. ఫుట్‌బాల్ సీజనుకు ముందు వేటు ఎవరి మీద? శిబిరంలో ఉన్నది ఇరవై ఆరుగురు, లీగుకు పంపాల్సినవి ఇరవై ఐదు పేర్లు, ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు. కింద ముగ్గురు సీనియర్ల ఫొటోలు. నడుంనొప్పి వదలని గోల్ కీపర్ ఒకడు. మైదానం మధ్యలో నిలబడి అందరికీ దారి చూపిస్తూ ఉంటాడని 'పంతులు' అని పేరుబడ్డ ఆటగాడు ఇంకొకడు. మూడోది తన ఫొటో. తన ఫొటో కింద పెద్దక్షరాలతో వేశారు, 'తాళంకప్ప తుప్పు పట్టిందా?' అని.

తాళంకప్ప అన్న పేరు పదేళ్ళ కిందట ఈ పేపరువాళ్ళు పెట్టిందే. గోల్‌కు ఎడమ పక్క అతను నిలబడితే అటు నుంచి ఎవరూ తలుపు తీసుకుని లోపలికి రాలేరని. జట్టులో వాళ్ళు తాళాన్ని వదిలేసి కప్పని ఉంచుకున్నారు. కప్పా అంటేనే అతను పలుకుతాడు.

"ఫొటో మటుకు కుర్రతనంలోది వేశారు, జుట్టు ఒత్తుగా ఉంది," అంది అత్తగారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

సంచి భుజాన వేసుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర భార్య ఎదురైంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కిందికి వంగి, అతని కుడి మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో నొక్కింది.

"ఇక్కడ వాచింది."

"దానికది అలవాటేగా."

"ఇవాళే కదూ?"

"సాయంత్రం ఐదింటికి."

ఆమె లేచి అతని చొక్కా కాలరు సరిచేసింది. "ఏదైనా సరే, మీ నోటితోనే చెప్పండి. ఇంకెవరో చెప్తే వినలేను."

అలాగేనన్నాడు.

ఆ క్లబ్బులో అతనికిది పదకొండేళ్ళు నిండే సంవత్సరం. ముప్పై అయిదేళ్ళ వయసు. గోడలకు సున్నాలు వేసే మేస్త్రీ కొడుకు. పందొమ్మిదో ఏట ఓ చిన్న జట్టులో ఎవరికో గవదబిళ్ళలు వస్తే, ఆ జాగాలో ఆడటానికి పిలిచారు. ఆ వచ్చినవాడు మళ్ళీ బయటికి పోలేదు. ఇప్పటికి రెండు వందల నలభై మూడు మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ నాలుగు. అయిదోది కూడా ఉంది గానీ అది సొంత గోల్‌లోకి. ఊళ్ళో గోడల మీద అంటించే బొమ్మల్లో అతను ఎప్పుడూ లేడు. కప్పు గెలిచిన ఏడాది తీసిన ఫొటోలో ఉన్నాడు, కానీ ముందున్నవాడి మోచెయ్యి అడ్డమొచ్చి సగం ముఖమే పడింది. ఆ సగాన్నే అత్తగారు పటం కట్టించి ముందుగదిలో పెట్టింది.

డ్రెస్సింగ్ రూములో ఎవరూ పేపరు సంగతి ఎత్తలేదు. మామూలుగా ఒకణ్ణొకడు ఏడిపించుకునే గది ఇవాళ పరీక్ష హాలులా ఉంది. పంతులు పక్కన కూర్చుని మేజోళ్ళు ఎక్కించుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఈ క్లబ్బుకి వచ్చారు. బయటి ఊళ్ళకు ఆడటానికి వెళ్తే పదేళ్ళుగా ఒకే గది.

"ఒరేయ్ కప్పా, ఇవాళ నీ ఎదురుగా ఎవణ్ణి ఆడిస్తున్నారో చూశావా?" అన్నాడు పంతులు.

గోడ మీద అంటించిన కాగితం చూశాడు. ఆఖరి సాధన మ్యాచ్. అతని ఎదుట కుడి అంచున మిడత. ఇరవయ్యేళ్ళవాడు, ఈ ఏడే కొత్తగా కొన్నారు. కాళ్ళు నేల మీద ఆననట్టు పరిగెడతాడని ఆ పేరు.

"కప్పకి మిడతేగా తిండి," అన్నాడు అతను. పంతులు నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మొదటి పది నిమిషాల్లో మిడత అతన్ని దాటేశాడు. బంతి ఒక పక్క నుంచి వదిలి తను రెండో పక్క నుంచి వెళ్ళిపోయాడు. అతను తిరిగేలోపు కాలు మడత పడి కూలబడ్డాడు. లేచి, అరచేతికంటిన గడ్డి దులుపుకున్నాడు. కోపం రాలేదు. రెండోసారి వచ్చినప్పుడు కాళ్ళ వైపు చూడటం మానేసి భుజాలు చూశాడు. బయటికి పోవాలనుకున్నప్పుడల్లా మిడత ఎడమ భుజం ఒక్క క్షణం ముందు కిందికి వాలుతోంది. అంతే చాలు. మూడోసారి బంతిని కాలి మొనతో అడ్డగించాడు. నాలుగోసారి వాడికంటే ముందే అక్కడికి చేరి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆ పక్కకి బంతి పంపడమే మానుకున్నారు. గట్టు మీద నిలబడ్డ సహాయ కోచ్ చప్పట్లు కొట్టాడు. ఇవాళ తాడో పేడో తేలాలి అనుకున్నాడు అతను. ఒళ్ళంతా వేడెక్కి, మోకాళ్ళలోని ఇసుక కరిగినట్టనిపించింది.

అరవయ్యో నిమిషం దాటాక మిడత మళ్ళీ వచ్చాడు. ఎడమ భుజం వాలింది. అతను చూశాడు. బంతి ఎక్కడికి పోతుందో, ఎంత దూరం పోతుందో, తను ఎక్కడ కాలు పెట్టాలో అన్నీ తెలిశాయి. మనసు అక్కడికి వెళ్ళి నిలబడింది. కాళ్ళు తర్వాత వచ్చాయి. అప్పటికి బంతి గాల్లోకి లేచి, గోల్ ముందు ఎవడి తలకో తగిలి వలలో పడింది.

గోల్ కీపర్ ఒక్క మాటా అనలేదు. వంగి బంతి తీసి మధ్యకి విసిరేశాడు. మూడేళ్ళ కిందటైతే ఇదే కీపర్ నానా తిట్లూ తిట్టేవాడు, ఏడు తరాలనూ లాగేవాడు. ఆ తిట్లు రాకపోయేసరికే అతనికి ఎక్కడో కలుక్కుమంది.

మిగిలిన అరగంటలో ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. చివరి నిమిషంలో నేల మీద జారి, మిడత కాళ్ళ మధ్య నుంచి బంతిని లాగి అంచు అవతలికి తన్నాడు. ఎవరూ చెయ్యి అందించకముందే లేచాడు.

భోజనాల గదిలో సగం తిని ఉండగా ఆఫీసు గుమస్తా వచ్చాడు. వంగి చెవిలో అన్నాడు. "కోచ్ సార్ మిమ్మల్ని రమ్మంటున్నారు." బల్ల మీద చెంచాల చప్పుడు ఆగిపోయింది. పంతులు తన కంచంలోకే చూస్తున్నాడు.

"తినేసి వస్తానని చెప్పండి," అన్నాడు అతను.

నిజంగానే తిన్నాడు, ఒక్క మెతుకు మిగల్చకుండా. కంచం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుని వెళ్ళాడు.

కోచ్ అతనికంటే ఆరేళ్ళు పెద్ద. తను ఆడే రోజుల్లో రెండుసార్లు ఇదే తాళంకప్పకు ఎదురుపడి, రెండుసార్లూ గోల్ మొహం చూడకుండా ఇంటికి పోయినవాడు. కుర్చీ చూపించాడు. అతను కూర్చున్నాడు.

"ఇవాళ బాగా ఆడావు."

"సంగతి చెప్పండి సార్."

"మొదటిసారి అందుకుంటావు. రెండోసారి, మూడోసారీ అందుకుంటావు. అరవై నిమిషాలు దాటాక..." కోచ్ ఆగాడు. "ఆటని నీ అంత బాగా చదివేవాడు ఈ జట్టులో లేడు. కానీ..."

"అరవై మూడో నిమిషం. నాకూ తెలిసింది," అన్నాడు అతను.

బయట గడ్డి కోసే యంత్రం ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయి తిరిగొచ్చింది. కోచ్ ఒక కాగితం ముందుకు జరిపాడు. టైపు చేసి సిద్ధంగా ఉంది. 'క్లబ్బు సీనియర్ ఆటగాడు ఈరోజు ఆట నుంచి స్వచ్ఛందంగా విరమించుకుంటున్నారు.' కింద సంతకానికి గీత.

"గౌరవంగా ఉంటుందని ఇలా రాయించాను. తీసేశారన్న మాట ఎందుకు నీకు?"

అతను రెండుసార్లు చదివాడు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా తనంతట తాను చెయ్యెత్తి మైదానం వదిలిపెట్టలేదు. బొటనవేలి గోరు ఊడినప్పుడూ, కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డప్పుడూ, బయట పలక మీద తన నంబరు చూపించి పిలిస్తేనే వచ్చాడు.

"నేను మానెయ్యలేదు సార్. మీరు తీసేశారు. ఉన్నది ఉన్నట్టు రాయించండి."

"నీ మంచికే చెప్తున్నా."

"రేపు ఇంకే జట్టయినా నాకోసం చూస్తే? మానేసినవాణ్ణి ఎవరు పిలుస్తారు? పైగా మా పాపకి తొమ్మిదేళ్ళు. నాన్నా, నువ్వే వదిలేశావా అని అడుగుతుంది. దానికి అబద్ధం చెప్పలేను."

"ముప్పై అయిదేళ్ళొచ్చాయి నీకు."

"వచ్చాయి. పోయేవి కావుగా."

కోచ్ కలం మూత తీశాడు. "మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా," అని గొణిగి, టైపు చేసిన వాక్యం కొట్టేసి, పైన కలంతో రాశాడు. 'క్లబ్బు ఈ ఆటగాణ్ణి జట్టు నుంచి తప్పించింది.' అతను చదివి సంతకం చేశాడు. పూర్తి పేరు, పొడి అక్షరాలు కాకుండా.

మూడింటికి వ్యాయామశాలలో సాధన ఉందని పొద్దున్నే గోడ మీద రాశారు, అందులో అతని పేరుంది. సరిగ్గా మూడింటికి వెళ్ళాడు. వ్యాయామం చేయించే శిక్షకుడు అతన్ని చూసి తడబడ్డాడు.

"అన్నా... మీరు ఇంక..."

"పట్టికలో నా పేరుందా లేదా?"

"ఉంది."

"అయితే బరువులు పెట్టు."

పెట్టాల్సినన్ని బరువులూ పెట్టించాడు. చెయ్యాల్సినన్నిసార్లూ చేశాడు. తొడ కండరాలు వణికాయి, చెమట కనురెప్పల మీంచి ముక్కు చివరికి కారింది. పన్నెండు అనాల్సిన చోట శిక్షకుడు జాలిపడి పది దగ్గరే 'చాలన్నా' అన్నాడు. అతను మిగతా రెండూ తనే లెక్కపెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఐసు గదిలో బల్ల మీద కూర్చుని ఫోను చేశాడు. భార్య మొదటి మోతకే ఎత్తింది. నిద్రపోలేదన్నమాట.

"తీసేశారు," అన్నాడు.

"మీ నోటితో చెప్పారు. అంతే చాలు." ఇంకాసేపటికి, "రేపటికి అలారం పెట్టొద్దుగా?" అంది.

"పెట్టు. పరుగుంది."

"ఎవరికోసం?"

"ఇంకా తెలీదు. తెలిసేదాకా కాళ్ళు ఊరుకోకూడదు కదా."

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. "పెడతాను. నేనూ వస్తాను, మెల్లగా పరిగెత్తితే."

నీలం ప్లాస్టిక్ బకెట్‌లో ఐసు నింపి, నీళ్ళు పోసి, రెండు కాళ్ళూ పిక్కల దాకా ముంచాడు. తలుపు తీసుకుని పంతులు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీ బదులు నన్ను తియ్యమని చెప్దామనుకున్నా రా," అన్నాడు. "కాళ్ళు కదల్లేదు. పిల్లల ఫీజులూ, ఇంటి అద్దే గుర్తొచ్చాయి."

"మంచిపని చేశావు. చెప్పుంటే నిన్ను తన్నేవాణ్ణి."

"సిగ్గేస్తోందిరా."

"ఇలా కూర్చో." బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఆదివారం మ్యాచ్‌లో వాళ్ళ ఏడో నంబరు వాడున్నాడే, వాడు బయటికి పోతున్నట్టు నటించి లోపలికి వస్తాడు. నా జాగాలో ఆడేవాడికి చెప్పు, కాళ్ళు చూడొద్దని. భుజాలు చూడమను. నేను చెప్పానని చెప్పకు, చిన్నతనంగా ఉంటుంది. నువ్వే చెప్పినట్టు చెప్పు."

పంతులు తలూపాడు. ముక్కు ఎగబీల్చాడు. అతని పక్కన కూలబడ్డాడు. సహాయ కోచ్ పిలుస్తున్నాడని ఎవరో కేకేస్తే పంతులు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసి వెళ్ళిపోయాడు.

అతను కాళ్ళు పైకి తీసి తుడుచుకున్నాడు. పాదాలు ఎర్రబడి, తనవి కానట్టు మొద్దుబారి ఉన్నాయి. బూట్లు సంచిలో వేసుకున్నాడు. తువ్వాలు మడిచి ఉతికే గంపలో పడేశాడు. నాలుగూ ముప్పావుకి వెనక గేటు నుంచి బయటికి నడిచాడు. కాపలావాడు రోజూ అన్నట్టే, "రేపు కలుద్దాం సార్," అన్నాడు. "ఉంటానయ్యా," అని, సంచి రెండో భుజానికి మార్చుకుని, బస్సు ఆగే చోటికి తలెత్తుకుని నడిచాడు. నడక కొంచెం కుంటింది. వేగం మాత్రం తగ్గలేదు.

ఐదింటికి ఆఫీసు నుంచి ఇరవై ఐదు పేర్లు వెళ్ళాయి. ఐసు గదిలో ఎవరూ దీపం ఆర్పలేదు. బల్ల కింద ఆ నీలం బకెట్ అలాగే ఉంది. దాని నీళ్ళలో ఇంకా కరగని రెండు ఐసు ముక్కలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.