అద్దానికి కట్టిన గుమ్మడికాయ

ఉదయగిరిలో మా ఇంటికి రెండు పక్కలా ఇళ్లు ఆనుకునే ఉన్నాయి. మేం చెక్క స్పూన్లు చెక్కించే నడిమింట్లో, అంటే మధ్యగదిలో, కిటికీ అన్న మాటే లేదు. మా దగ్గర పనిచేసే చెంచులక్ష్మికి చూపు మందగించింది, బల్బు కింద చెక్క గీతలు ఆనవు. ఫోర్కు పళ్లు తీర్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు, ఆమేమో పని మానేస్తానంటుంది! అందుకే ఇంట్లో అందరితో పోట్లాడి మేడ మీద ఎండను పట్టే అద్దం ఒకటి పెట్టించాను. పొద్దు ఎటు పోతే అది అటు తిరిగి, ఎండను కప్పులో అమర్చిన గొట్టంలోంచి నేరుగా ఆమె పీట మీదికి దింపుతుంది.

తొలిరోజు చెంచులక్ష్మి, "సుధమ్మా, నా చేతి గీతలు కనపడతా ఉండాయి" అని ఏడ్చేసింది.

వీధి వీధంతా మేడెక్కి చూసిపోయింది. దాంతో మా మామ నారాయణయ్యకు భయం పట్టుకుంది. అద్దం చట్రానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు.

"ఊరి కళ్లన్నీ దాని మీదనే ఉండాయి" అన్నాడు.

"మామా, దానికి సూర్యుణ్ణి కనిపెట్టే కన్ను ఉండాది. కాయ అడ్డమొస్తే ఎటు తిరగాలో దానికి తెలీదు. బిగించిన సుధీర్ చెప్పినాడు గదా!"

ఆయన తలూపాడు. నేను దించితే మర్నాడు మళ్లీ కట్టాడు. మళ్లీ దించాను. ఇదేం మనిషో, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు!

ఉప్పుకాగితం కోసం ఆత్మకూరు వెళ్లి వచ్చేసరికి నడిమిల్లు చీకటి. ఆయన మళ్లీ కట్టిన కాయ నీడ ఆ కన్ను మీద పడి, అద్దం పక్కింటి గోడకు తిరిగిపోయింది. కత్తి దించుతుండగా వెలుతురు పోయి చెంచులక్ష్మి బొటనవేలు తెగింది. కొంగంతా రక్తం.

నాకు ఒళ్లు మండిపోయింది. "చూసినావా మామా నీ నిర్వాకం!"

"నేను చెప్పలా? కాయ కట్టినా ఆగలేదంటే ఎంత దిష్టి తగిలిందో చూడు!"

తల బాదుకున్నాను. కాయను కోసి దిబ్బలో పారేశాను.

కుట్లు మానాక చెంచులక్ష్మి పనిలోకి వచ్చింది. పీట మీద ఎండ దండిగా పడుతోంది. ఆమె మాత్రం గడపలోనే ఆగిపోయింది.

"పైన కాయ ఉండాదా?"

"తీసి పారేసినా. దానివల్లే గదా నీ వేలు తెగింది!"

"అది ఉండబట్టే వేలు మిగిలింది సుధమ్మా."

ఎండలోంచి పీట లాక్కుని, మూలనున్న బల్బు కిందికి పోయి కూర్చుంది. చెక్కను కంటికి ఆనించుకుని, గీత కోసం వేలితో తడుముకోసాగింది.