ఎలుకలు కాపురమున్న మూత

మూతను తిరగేసి బల్లల మీద పెట్టగానే రోస్విత రెండడుగులు వెనక్కి వేసింది.

బయటినుంచి చూసినప్పుడు పాచి పట్టిన పాత ఫైబర్‌గ్లాస్ మూత, అంతే అనుకుంది. గ్లైడర్ విమానాన్ని రెక్కలు ఊడదీసి పడుకోబెట్టి తీసుకెళ్ళే ట్రైలర్ మీది మూత అది. పడవంత పొడుగు. శవపేటిక మూతలాగా ఉందని మొదటిరోజే అనిపించింది ఆమెకు. పైకి అంటే కూతురు కసురుతుందని మింగేసింది. ఇప్పుడు లోపలి వైపు చూస్తే మూల మూలకీ నల్లటి బూజు, ఎండిపోయిన నత్తల జిగురు గీతలు, ముందు కొనలో ఎలుకల గూడు. సీటు మెత్తను కొరుక్కొచ్చి, గడ్డి కలిపి, మూత్రంతో తడిపి కట్టుకున్న గూడు. అందులో ఎప్పుడో చచ్చిన పిల్లలు, వేలి గోరంత, అతుక్కుపోయి ఉన్నాయి.

"అబ్బో, వీళ్ళు మనకన్నా సుఖంగా బతికారే!" అన్నాడు ఎగోన్. గ్లైడర్ క్లబ్బులో మరమ్మతులన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. డెబ్భై దాటిన మనిషి, గెడ్డం నిండా రంగు చుక్కలు. గూడును ఉత్తి చేత్తో పెకలించి చెత్త డబ్బాలో పారేశాడు. అదే చేత్తో బల్ల మీదున్న వెన్న రాసిన బ్రేట్సెల్ రొట్టె తీసుకుని కొరికాడు.

రోస్విత మొహం తిప్పేసుకుంది. ఆమె రొట్టెల దుకాణంలో పని చేస్తుంది. అక్కడ పట్టకారు లేకుండా బన్ను ముట్టుకుంటే యజమాని ఊరుకోడు. "ఎగోన్ గారూ, ఎలుక పెంటికల్లోంచి జ్వరం వస్తుందండీ. మా పక్కింటాయనకి మూత్రపిండాలు పోయాయి. పొయ్యి కట్టెల గది ఊడ్చాడు, అంతే."

"ఈ కప్పు కింద అండీలూ గిండీలూ లేవని ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు అను. ఇక్కడ అందరూ నువ్వే."

"అలాగేనండీ," అంది రోస్విత, రెండో మాస్కు మొదటిదాని మీద తగిలించుకుంటూ.

మూత అవతలి వైపు నిలబడ్డ తబేయా కళ్ళు పైకి తిప్పింది. పదహారేళ్ళ పిల్ల. పదిమందిలో అమ్మ ఇలా మాట్లాడుతుంటే భూమిలోకి కుంగిపోవాలనిపించే వయసు.

దక్షిణ జర్మనీలో ఈ స్వాబియా కొండల్లోని గ్లైడర్ క్లబ్బులన్నిటికీ ఒకటే కట్టుబాటు. చలికాలంలో షెడ్డులో ఒళ్ళు వంచనివాళ్ళు ఎండాకాలంలో ఎగరడానికి లేదు. డాక్టరైనా సరే, బడిపిల్లైనా సరే. ఈ ఏడు తబేయాకు జ్వరం వచ్చి పని వెనకబడింది. ఇంట్లోవాళ్ళు వచ్చి చేసినా లెక్కలోకి వస్తుందన్నారు. "నేనొస్తా," అంది రోస్విత. కూతురికి సాయం చెయ్యడానికి కాదు. ఈ మనుషులు ఎలాంటివాళ్ళో కళ్ళారా చూడటానికి.

ఎందుకంటే ఈస్టర్ సెలవుల్లో తబేయా మొదటిసారి ఒంటరిగా ఎగరబోతోంది. వెనక సీట్లో శిక్షకుడు ఉండడు. ఇంజనైనా లేని బండిలో పిల్ల ఒక్కతే. పద్ధెనిమిది నిండలేదు గనక పెద్దవాళ్ళు సంతకం చెయ్యాలి. తండ్రి లారీ నడుపుతూ ఏ వారాంతానికో ఇల్లు చేరేవాడు. "మీ అమ్మ ఎలా అంటే అలా," అని తప్పుకున్నాడు. ఆ కాగితం మూడు వారాలుగా వంటింట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. రోజూ దాని పక్కనుంచే పాలు తీస్తోంది రోస్విత. సంతకం చెయ్యకుండా ఉండటానికి ఒక్క కారణం, ఎవరూ కాదనలేని కారణం, దొరికితే చాలనుకుంటోంది.

ఈ షెడ్డులో కారణాలకేం తక్కువ? కాఫీ కప్పుల అడుగున గోధుమరంగు పేరుకుపోయింది. మరుగుదొడ్డి తలుపు గొళ్ళానికి చేతుల జిడ్డు. అతుకు వేసే జిగురు డబ్బాలూ, సాసేజీల డబ్బాలూ ఒకే అరలో. మూత పైభాగాన్ని గీకుతుంటే ఒక పొర కింద ఇంకో పొర రంగు ఊడి వచ్చింది. వాటి మధ్య చిక్కుకుపోయి చచ్చిన పురుగులు, పిట్ట రెట్టలు. ఎవడో మహానుభావుడు కడగకుండానే, రెట్టల మీదనే రంగు కొట్టేశాడన్నమాట.

"ఇది ఎవరి పని?" అంది.

"నాదే," అన్నాడు యోఖెన్ నవ్వుతూ. నలభై దాటిన మనిషి, బీమా కంపెనీ ఉద్యోగి. శనివారాల్లో ఇక్కడ తిరుగుతాడు. "ఏం చేస్తాం తల్లీ? ఆ రోజు మ్యాచ్ ఉంది టీవీలో. అయినా ట్రైలరే కదా, ఎగిరేదా ఏమన్నా!"

రెట్టల మీద రంగు కొట్టిన చెయ్యి రేపు రెక్కల బోల్టులు బిగించదని ఏమిటి నమ్మకం? ఆ మాట గొంతు దాకా వచ్చింది రోస్వితకు. ఊడిపడిన రెక్క, పొలంలో గుచ్చుకున్న ముక్కు, ఫోన్ చేసి "మీరు తబేయా తల్లిగారేనా" అని అడిగే పోలీసు గొంతు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. రోజూ తిరిగేవే.

శనివారం తర్వాత శనివారం గీకారు. ఫైబర్‌గ్లాస్ పొడి మాస్కులు దాటి గొంతులోకి, చేతి తొడుగులు దాటి చర్మంలోకి దిగింది. రాత్రుళ్ళు మెడ, ముంజేతులు దురద. ఎంత కడిగినా కనపడని ముళ్ళు. ఈ ముళ్ళే పిల్ల ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళి ఉంటాయని లేచి, తబేయా గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి వినేది. షెడ్డులో చేతులు కడుక్కునే సబ్బు ముద్ద ఇసుకలాగా ఉంటుంది. చర్మం చీరుకుపోతుంది. అందుకని చొక్కా జేబులో క్రీము గొట్టం పెట్టుకుని, కడిగినప్పుడల్లా రాసుకునేది.

పగుళ్ళు లప్పంతో నింపి, మళ్ళీ గీకి, చివరికి రంగు కొట్టే రోజు వచ్చింది. బయట వడగళ్ళు. లోపల రెండు హీటర్లు పెట్టి షెడ్డును వెచ్చబెట్టారు. ఎగోన్ మూతనంతటినీ జిడ్డు తీసే తిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు. ఎన్నడూ లేనంత నెమ్మదిగా, ఒకే దిక్కుకి, గుడ్డ మారుస్తూ.

"వినండి. ఇకనుంచి దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. వేలితో కూడా. మీ ఒంటి జిడ్డు చాలు, రంగు నిలవదు. సిలికాన్ అనే జారుడు రసాయనం అయితే మరీ శని. అది ఈ షెడ్డులోకి వచ్చిందంటే మూతతో పోదు, రేపు రెక్కల పనికీ పట్టుకుంటుంది. సరేనా?"

"సరే సరే, చర్చిలో పాస్టర్ గారిలా చెబుతున్నావు," అన్నాడు యోఖెన్.

ముగ్గురూ పక్కగదిలోకి రంగు కలపడానికి వెళ్ళారు. రోస్విత ఒక్కతే మిగిలింది. తెల్లగా, నున్నగా, వారాల తర్వాత మొదటిసారి ఆ మూత మనుషులు చూడదగ్గట్టు ఉంది. ముందు కొన దగ్గర మాత్రం ఏదో నల్లగా కనపడింది. వంగి చూసింది. ఎలుక వెంట్రుక. ఒకటి కాదు, చిన్న కుచ్చు, ఎండిన పెంటిక ముక్కతో సహా. పైకప్పు దూలం మీదనుంచి రాలి ఉంటుంది.

దాని మీదే రంగు కొట్టేస్తారు వీళ్ళు! ఊదింది. కదల్లేదు. చేతి తొడుగు విప్పేసి ఉంది. ముట్టుకోవాలంటే రోత. వదిలెయ్యాలంటే అంతకన్నా రోత. ఊపిరి బిగబట్టి అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది. పరుగున వెళ్ళి రెండుసార్లు చెయ్యి కడుక్కుంది.

ఎగోన్ రంగు కొట్టడం చూస్తే మాత్రం ఏమీ అనలేకపోయింది. స్ప్రే గన్ పట్టుకున్నప్పుడు ఆ మొరటు మనిషి చెయ్యి వణకలేదు. తడి తెలుపు మెరుస్తూ పరుచుకుంది. అందరూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"అదేమిటి?" అంది తబేయా.

ముందు కొనలో రంగు విచ్చుకుంటోంది. చిన్న చిన్న గుంటలు. వేడి పెనం మీద నూనె నుంచి నీళ్ళు పారిపోయినట్టు రంగు అక్కడినుంచి పారిపోతోంది. ఒకటి, పది, వంద. మశూచి పోసిన మొహంలాగా. చూస్తుండగానే ఆ గుంటలన్నీ కలిసి ఒక ఆకారం కట్టాయి. అరచెయ్యి. నాలుగు వేళ్ళ చారలతో సహా.

ఎగోన్ గన్ దించాడు. మాస్కు తీశాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఎవరిది?"

తలుపు దగ్గరున్నవాళ్ళు మూత దగ్గరికి వచ్చారు.

"చిన్న చెయ్యి," అన్నాడు యోఖెన్ వంగి చూసి. "నాది మాత్రం కాదు. నా పంజా పెడితే సగం మూత పోయేది. ఏమమ్మాయ్, లిప్‌స్టిక్కులూ గిప్‌స్టిక్కులూ నీ వయసువాళ్ళకే కదా!"

తబేయా తన చేతులు తిప్పి చూసుకుంది. "నేనే అయ్యుంటా. పొద్దున జుట్టుకి సీరం రాసుకున్నా. అందులో సిలికాన్ ఉంటుందిగా. చెయ్యి పెట్టినట్టు గుర్తులేదు కానీ... ఇందాక ఇటు తిరిగినప్పుడు ఆనుకున్నానేమో."

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ముట్టుకోవద్దంటే ముట్టుకోవడం, ముట్టుకుని గుర్తులేకపోవడం." ఎగోన్ గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. శిక్షకుల్లో పెద్ద ఆయనే. ఎవరు ఎప్పుడు ఒంటరిగా ఎగరాలో తేల్చేది ఆయనే. "అయితే ఈ ఈస్టర్‌కి నువ్వు ఒంటరిగా వెళ్ళడం లేదు తల్లీ. వచ్చే ఏడు చూద్దాం."

తబేయా ఏడవలేదు. వాదించలేదు. గరుకు కాగితం తెచ్చుకోవడానికి అర దగ్గరికి నడిచింది.

రోస్విత మరుగుదొడ్లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

అయిపోయింది. పిల్ల ఎగరదు. తను సంతకం పెట్టనక్కర్లేదు, పెట్టనని చెప్పి చెడ్డదానినీ కానక్కర్లేదు. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. గుండెల మీద బండ దిగినట్టుంది. అంత హాయిగా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో. వచ్చే ఏటికి మనసు మారవచ్చు. ఏ కుర్రాడో తగలవచ్చు. కాలు మీద కాలేసుకుని ఏ గిటారో నేర్చుకోవచ్చు.

చేతులు మంటగా ఉన్నాయి. అలవాటుగా జేబులోంచి గొట్టం తీసి అరచేతిలో పిండుకుంది. రాసుకోబోతూ ఆగింది. గొట్టం తిప్పి వెనక సన్నక్షరాలు చదివింది. ఆ రసాయనాల పేర్లు నాలిక తిరగనివి. కానీ పైన పెద్ద అక్షరాల్లో గొప్పగా రాసుకున్నారు, సిలికాన్ రక్షణ పొరతో అని.

తెల్లగా, మెత్తగా, అరచేతిలో పడుకుని ఉంది ఆ ముద్ద. ఎలుక గూడును చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు ఆమెకు. తన పిల్ల బయట చెయ్యని తప్పుకు తల వంచుకుని గీకడానికి సిద్ధపడుతోంది. తను ఇక్కడ గొళ్ళెం పెట్టుకుని హాయిగా ఊపిరి పీలుస్తోంది. కప్పుల మురికీ, గొళ్ళెం జిడ్డూ ఎంచి ఎంచి, చివరికి ఈ షెడ్డులో అన్నిటికన్నా అసహ్యమైనది ఈ హాయే అనిపించింది. చెయ్యి చొక్కాకు తుడిచేసుకుంది. వాసన పోలేదు.

బయటికి వచ్చి గొట్టాన్ని ఎగోన్ ముందు బల్ల మీద పెట్టింది. "నేనే. ఎలుక వెంట్రుక పడితే తుడిచాను. చూస్తూ ఊరుకోలేకపోయాను. పిల్ల ముట్టుకోలేదు."

యోఖెన్ ఈల వేశాడు. "వారాల తరబడి మనకి శుభ్రత పాఠాలు చెప్పి..."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు ఎగోన్. "రెట్టల మీద రంగు కొట్టినవాడివి." గొట్టం ఎత్తి చదివి, రెండు వేళ్ళతో పట్టుకుని చెత్త డబ్బాలో, ఎలుక గూడు పడిన చోటే, పడేశాడు. "ఇందాకే చెప్పలేకపోయావా?"

"లేదు."

"ఎందుకు?"

రోస్విత కూతురి వైపు చూసింది. "దానికి తెలుసు."

ఎగోన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గెడ్డం గోక్కున్నాడు. "రంగు ఆరాక మొత్తం గీకాలి, సబ్బునీళ్ళతో, తర్వాత తిన్నర్‌తో తుడవాలి. నువ్వే గీకుతావు. పిల్ల సంగతి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే దాన్ని పంపేది నేనొక్కణ్ణే కాదు. నీ సంతకం లేకుండా నేను దాన్ని కూర్చోనివ్వను కూడా."

ఆయన హీటర్ల వైపు వెళ్ళిపోయాడు. తబేయా గరుకు కాగితం మడతపెడుతూ, మొహం చూపించకుండా అడిగింది. "చెప్పకుండా ఉంటే నీక్కావలసింది అయిపోయేదిగా?"

"అయిపోయేది."

"మరి?"

"ఏమో. నా మీద నాకే వాంతి వచ్చేలా ఉంది."

తబేయా పెదవి కొరుక్కుంది. నవ్వు కాదు, ఏడుపు కాదు. "సంతకం చెయ్యమని నేను అడగను, అమ్మా. ఇప్పుడు అడిగితే బాగోదు."

"నువ్వు అడగక్కర్లేదు. ఇంటికెళ్ళగానే పెట్టేస్తా."

ఆ మాట నోటినుంచి వచ్చిన మరుక్షణం రోస్వితకు ఆ రోజు కనిపించింది. గడ్డి మైదానం, గ్లైడర్‌ను పైకి లాగి వదిలేసే తీగ, పైన ఎక్కడో చుక్కంత తెలుపు, అందులో తన పిల్ల. గబగబా షెడ్డు వెనకకు నడిచింది. వడగళ్ళ మధ్య గోడ పట్టుకుని, పొద్దున తిన్నదంతా కక్కుకుంది. నోరంతా చేదు. ఒక గుప్పెడు వడగళ్ళు ఏరి నోట్లో వేసుకుని పుక్కిలించి ఉమ్మింది.

లోపలికి వచ్చి చేతులు చాచింది. "ఏదీ, ఆ గరుకు కాగితం ఇటివ్వు. రంగు ఆరేలోగా బకెట్ నిండా వేణ్ణీళ్ళు కూడా పట్రా."