తెల్లదుప్పటి మీద నలుసులు

ఇందులో ఒక్క అక్షరం కల్పించి చెప్పినా ఈ నోట్లో పళ్ళన్నీ ఇప్పుడే రాలిపోవాలి. పద్నాలుగు ఇదివరకే రాలాయి, అది వేరే సంగతి. ఇదంతా ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే జరిగింది.

ఈ ఇంట్లో ఆదివారం అంటే ఊడ్చే రోజు. శనివారం చుట్టాలొచ్చి కబుర్లు చెప్పి వెళితే, మర్నాడు మేనత్త చేటలకొద్దీ నలుసులు ఎత్తిపోసేది. ఇంటి గుణం అది. ఏ శబ్దంలోనైనా, ఏ మాటలోనైనా అసలులో లేనిదేదో వచ్చి కలిసిందా, ఆ కలిసినదంతా బూడిదరంగు నలుసులై నేలమీద రాలుతుంది. పాత రేడియో పెడితే చిటికెడు. దూరపు బావగారొకాయన తన ఉద్యోగం గురించి చెబితే రెండు చేటలు. ఒకసారి ఆయన చిన్నప్పుడు నది ఈదిన కథ ఎత్తుకుంటే బల్ల కాళ్ళు మోకాళ్ళదాకా మునిగాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు. కాళ్ళు పైకి ముడుచుకుని విన్నారు.

అలాంటి ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాలనుకున్నారు. నాన్న నలభై ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపి రిటైరైనవాడు. గోడలకి అయిదు స్పీకర్లు బిగించాడు గానీ, వాటన్నిటినీ మోగించే రిసీవర్ దగ్గర చిక్కుపడిపోయాడు.

ఎంపిక ఆయన కూతురికి అప్పగించారు. ఆమె మందుల ఫ్యాక్టరీలో పొడులు తూస్తుంది. ఇంటా బయటా అందరూ మిల్లీగ్రాము అనే పిలుస్తారు. చీమని అరచేతిలో పెట్టుకుని బరువు చెబుతుంది. అది పొద్దున ఏమైనా తిన్నదో లేదో కూడా చెబుతుంది.

"పెట్టె మీద ఏం అచ్చేశారో నాకక్కర్లేదు నాన్నా. రాలింది తూచి చెబుతాను," అంది.

పరీక్షకి మూడు పెట్టెలొచ్చాయి. రెండు దుకాణం నుంచి. మూడోది టంకం తెచ్చాడు. టంకం అంటే వీధి చివర రిపేరు షాపతను. పొద్దస్తమానం తీగలకి టంకం పెడుతూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు. పాతదొకటి విప్పి, ఆరు నెలలు కూర్చుని, లోపలంతా కొత్తగా కట్టాడు. ఆ ఆరు నెలల్లో ఈ ఇంటికి నాలుగు వందల సార్లు వచ్చాడు. అందులో మూడు వందల సార్లు ఒకే స్క్రూ అడగడానికి.

పెట్టె కింద పెట్టి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"వేరే ఊళ్ళో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చిందండీ. రేపు పొద్దున్నే రైలు. ఇది నెగ్గితే షాపు ఉంచుకుంటాను. లేకపోతే నా పనితనం ఇంతేననుకుని వెళ్ళిపోతాను."

నేలమీద ఒక్క నలుసు పడలేదు. మేనత్త చూసింది.

మిల్లీగ్రాము గదంతా తెల్లదుప్పటి పరిచింది. మూడింటికీ శబ్దం ఒకే ఎత్తులో పెట్టింది. బిగ్గరగా మోగేది బాగున్నట్టే భ్రమ పెడుతుంది కదా! ఒక్కో పెట్టెలోంచి సన్నటి కూత ఒకటి, అయిదు నిమిషాలు మోగించడం. తరవాత నలుసులు కుంచెతో ఊడ్చి త్రాసులో వెయ్యడం.

మొదటి పెట్టె రెండు వందల వాట్లని గొప్పలు పోయింది. ఒక్క స్పీకరుతో బాగానే ఉంది. అయిదూ కలిపేసరికి వడగళ్ళే! నాన్న గొడుగు తెరిచాడు. తొమ్మిది గ్రాములు. రెండోది ఫరవాలేదు, అరవై మిల్లీగ్రాములు.

మూడోది మోగుతోంది. టంకం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. నాన్న ఉండబట్టలేక కూతురి వైపు వంగాడు.

"అతను వెళ్ళిపోతే నీకేం అనిపించదా తల్లీ?"

"ఎవరు ఏ ఊరు వెళ్తే నాకేంటి నాన్నా? ఈ వీధిలో ఇంకో రిపేరు షాపు రాదా?"

కూత ఆగింది. ఆమె గబగబా దుప్పటంతా ఊడ్చి తూచింది.

"మూడు వందల నలభై," అంది.

"తూకం తూకమేనండీ," అని టంకం తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. పెట్టె చంకనెత్తుకుని గుమ్మందాకా వెళ్ళాడు కూడా.

"ఆగవయ్యా!" మేనత్త చీపురు అడ్డం పెట్టింది. "ఏమే, ఆ నలుసులు ఎక్కడివి ఎత్తావు?"

"దుప్పటి మీదివే అత్తా."

"దుప్పటి మీద ఎక్కడ? స్పీకర్ల కింద తెల్లగానే ఉంది. కుప్పంతా నీ కుర్చీ ముందుంది. ముప్ఫై ఏళ్ళుగా ఊడుస్తున్నాను. పెట్టెలోంచి వచ్చింది పెట్టె ముందు పడుతుంది, నోట్లోంచి వచ్చింది కాళ్ళ దగ్గర పడుతుంది. పరీక్షలో మాట్లాడమని నీకెవరు చెప్పారే?"

మిల్లీగ్రాము ముఖం కందగడ్డయింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో తూకానికి ముందు చూడాల్సింది చూడకపోవడం అదే మొదలు.

దుప్పటి దులిపి మళ్ళీ పరిచారు, పెట్టెకి తీగలు మళ్ళీ కలిపారు. నాన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కిటికీలో పిల్లి ఊపిరి బిగబట్టింది. అయిదు నిమిషాలు గడిచాయి. కుంచెకి ఏమీ అంటలేదు, త్రాసు ముల్లు కదల్లేదు.

"సున్నా!" అని అరిచింది మిల్లీగ్రాము. ఆ అరుపుకి వీధిలో సైకిళ్ళన్నీ ఆగిపోయాయి.

టంకం పెట్టెని పసిబిడ్డని నిమిరినట్టు నిమిరాడు. "మరైతే, ఇందాకటి మూడు వందల నలభై..."

"నావే," అంది. పాదాల దగ్గర ఏమీ పడలేదు. "ఇందాక నాన్న అడిగింది ఇప్పుడు మీరు అడగండి."

"నేను... వెళ్ళనా అండీ?"

"వద్దు."

నలుగురూ వంగి దుప్పటి చూశారు. మేనత్త కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. మల్లెపూవులా ఉంది.

మర్నాడు రైలు ఒక సీటు ఖాళీగా వెళ్ళింది. టంకం షాపు తెరుచుకుంది. ఆ సాయంత్రం నాన్న సినిమా పెడితే, అందులో వాన ఎంత నిజంగా కురిసిందంటే, మేనత్త పరిగెత్తుకెళ్ళి మేడమీద బట్టలన్నీ తీసుకొచ్చేసింది. అవి తడిసే ఉన్నాయి.

అదీ జరిగింది. ఒక్క ముక్క కలపలేదు. విన్నావుగా, ఇక లేచి వంటింట్లోంచి చీపురూ చేటా పట్రా. చేట చాలదేమో, పెద్ద బకెట్టు కూడా తీసుకురా. కుర్చీ కింద ఏదో పోగైనట్టుంది, కాళ్ళు కదలడం లేదు.