ఆఖరి మ్యాచ్‌కి గంజి

పదకొండో ప్యాంటు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే సుయ్యిమని ఆవిరి లేచింది. పాండురంగయ్య కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చాడు. గంజి వాసన. భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న ఆ హోటల్లో, వంటింటి వెనక లాండ్రీ గదిలో, పొద్దున్నే ఆరింటికి ఆ వాసనకి మురిసిపోయే మనిషి అతనొక్కడే.

అరవై రెండేళ్ళు. బక్కపలచటి ఒళ్ళు, ముందుకు వంగిన మెడ. పెడనలో ముప్పై ఏళ్ళు గుంట మగ్గంలో కూర్చుని తొక్కీ తొక్కీ కుడికాలి బొటనవేలు పక్కకి తిరిగిపోయింది. మోకాళ్ళు ఇక లేవమన్నాక మగ్గం దిగి, ఎనిమిదేళ్ళుగా ఇక్కడ నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. కూర్చోలేని మనిషికి నిలబడే పని దొరకడమే గొప్ప అనుకోవాలి.

ఇక అనుమానమంటారా, అది ఆయనకి అన్నంలో ఉప్పు. పాలవాడు నీళ్ళు కలిపాడని అనుమానం. ఆటోవాడు చుట్టూ తిప్పాడని అనుమానం. భార్య చౌడేశ్వరమ్మ బీపీ మాత్ర మింగకుండానే మింగానంటోందని అనుమానం. ఆవిడ నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తాడు. ఈమధ్య ఆ అనుమానమంతా వాషింగ్ మిషను చూసే హేమసుందర్ మీదికి మళ్ళింది. బందరు దగ్గర చేపలవాళ్ళ కుటుంబం, నలభై ఏళ్ళుంటాయి. రోజుకి నాలుగుసార్లు జనరేటరు వెనక్కి పోయి గుసగుసగా ఫోన్లో మాట్లాడతాడు. దాచుకునేది లేకపోతే గుసగుస దేనికి?

హోటల్లో దిగింది న్యూజిలాండ్ క్రికెట్ క్లబ్బు జట్టు. వచ్చి పద్దెనిమిది రోజులైంది. మూడు రోజుల ఆఖరి మ్యాచ్‌కి ఇవాళ మూడో రోజు. సాయంత్రం గన్నవరంలో విమానమెక్కేస్తారు. ఆ క్లబ్బుకో ఆనవాయితీ ఉంది. పర్యటనలో ఆఖరి మ్యాచ్ ఆఖరి రోజున పాతకాలపు మందపాటి నూలు ప్యాంట్లతోనే ఆడతారు. నిన్న సాయంత్రం అవి ఉతికి చేతికొచ్చేసరికి పాండురంగయ్యకి ప్రాణం లేచొచ్చింది. అచ్చమైన నూలు! ఆఖరి రోజు పెళ్ళికొడుకుల్లా కనబడాలి కదా పాపం, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు. వంటింట్లోంచి గంజి తెప్పించి, గుడ్డలో వడకట్టి, పదకొండు ప్యాంట్లకీ చిక్కగా పట్టించాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు. వద్దనీ ఎవరూ అనలేదు.

ఏడింటికి హేమసుందర్ వచ్చి, మడతలు చూసి పకపకా నవ్వాడు.

"ఏంటి బాబాయ్, గంజి దట్టించేశావ్! ప్యాంట్లు వాటికవే నడిచి గ్రౌండుకెళ్ళేట్టున్నాయి."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు పాండురంగయ్య. ఎందుకు నవ్వాడు? ఆ నవ్వు వెనక ఏదో ఉంది.

పదకొండున్నరకి సూపర్‌వైజరు గంగాప్రసాద్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"గ్రౌండు నుంచి ఫోనండీ! కుర్రాళ్ళందరూ తొడలు గోక్కుంటున్నారంట. ఇద్దరు బౌలర్లు పరిగెత్తలేక బయటికొచ్చేశారంట. ఆఖరి మ్యాచ్ ఓడిపోవాలని ఎవరో కావాలనే బట్టల్లో ఏదో కలిపారంటున్నాడు ఆళ్ళ మేనేజరు. ఏం కలిపారు మీరు?"

దురదగొండి! ఎవడో దురదగొండి నూగు చల్లుంటాడు. ఎవడో ఏమిటి? గంజి సంగతి అతని బుర్రలోకే రాలేదు. మగ్గమెక్కే పడుగు నూలుకి గంజి పట్టించి బతికిన మనిషికి గంజి అంటే గుడ్డకి బలం, గుడ్డకి మర్యాద. కన్నతల్లిని అనుమానిస్తాడు గానీ గంజిని అనుమానించడు.

"నేను ఇస్త్రీ చేసేవాణ్ణి. మిషను దగ్గరుండేది హేమసుందరండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ఫోన్లేంటో, ఆ గుసగుసలేంటో… నేనైతే ఎవర్నీ ఏమీ అనను. మీరే కనుక్కోండి."

గంగాప్రసాద్ హేమసుందర్‌ని పిలిచి కడిగేశాడు. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. తర్వాత పాండురంగయ్య వైపు చూశాడు.

"బాబాయ్, నువ్వేమన్నా చెప్తావా?"

"నన్నడుగుతావేంట్రా? ఏం జరిగిందో నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు హేమసుందర్. గంగాప్రసాద్ వైపు తిరిగి, "సబ్బెక్కువైనట్టుందండీ. నేనే సరిగ్గా జాడించలేదు," అన్నాడు.

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు. ఇప్పుడే వెళ్ళిపో," అన్నాడు గంగాప్రసాద్. హేమసుందర్ చొక్కా మార్చుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. వాదించలేదు, బతిమాలలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తలేదని పాండురంగయ్య తేల్చేసుకున్నాడు. ఆ ఊపులో మిషను పని కూడా తనే నెత్తినేసుకుని, అన్నం సంగతే మర్చిపోయాడు.

నాలుగున్నరకి ఆట డ్రాగా ముగిసి జట్టు తిరిగొచ్చింది. ఇక మాకొద్దని విప్పి పారేసిన ప్యాంట్లు కుప్పగా లాండ్రీకి చేరాయి. నూగు దొరికితే గంగాప్రసాద్‌కి చూపించాలని పాండురంగయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఒక ప్యాంటు తిరగేశాడు. వేళ్ళు అంటుకున్నాయి. ఇంకొకటి తీశాడు. తొడల దగ్గర, మోకాళ్ళ వెనక తెల్లగా జిగురు చారలు కట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన.

పెడనలో ముసురు పట్టిన రోజుల్లో పడుగు ఇలాగే జిగురు సాగేది. గంజి చెమర్చి, పోగుకి పోగు అంటుకుని, మగ్గం కదిలేది కాదు. విజయవాడ ఎండలో రోజంతా పరిగెత్తే కుర్రాడి చెమటకి గంజి ఏమవుతుందో ఆ చేతులకి తెలియదా? తెలుసు. హేమసుందర్‌కీ తెలుసు. పొద్దున కళ్ళారా చూశాడు. చూసి కూడా చెప్పలేదు. పాండురంగయ్యకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఛీ, ఏం బతుకు ఇది అనుకున్నాడు.

గంగాప్రసాద్ గదికి దాదాపు పరిగెత్తాడు.

"గంజి నేనే పెట్టానండీ. వాడికి ఏ పాపం తెలీదు. వాణ్ణి పిలవండి."

"మరి పొద్దున మీరే కదండీ ఆ ఫోన్లూ గుసగుసలూ అన్నారు?"

"అన్నానండీ. అంతా నా నోటి దూలండీ."

గంగాప్రసాద్ నుదురు రుద్దుకున్నాడు. "ఆ ఫోన్లు వాళ్ళన్న కోసమండీ. సముద్రం మీదికెళ్ళిన బోటు ఒడ్డుకొచ్చిందో లేదోనని రోజూ కనుక్కుంటాడు. మిమ్మల్ని తీసేస్తే ఈ వయసులో మీకెవరు పనిస్తారు చెప్పండి? పైవాళ్ళకి రాసిందేదో రాసేశాను. ఆ మేనేజరు వచ్చి కాదంటే తప్ప నేనిప్పుడు మార్చలేను."

హేమసుందర్‌కి ఫోను చేస్తే స్విచాఫ్.

బస్సు గుమ్మం ముందు ఆగి ఉంది. కుర్రాళ్ళు సామాన్లు ఎక్కిస్తున్నారు. పాండురంగయ్య ఒక ప్యాంటు పట్టుకుని మేనేజరుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎర్రటి మొహం, పెద్ద పొట్ట. "సార్, గంజి. రైసు… రైసు వాటరు. నేను. నేను పెట్టాను. హేమసుందర్ కాదు, నేను," అంటూ గుండె మీద కొట్టుకున్నాడు.

ఆ పెద్దమనిషికి ఏం అర్థమైందో ఏమో, నవ్వాడు. ప్యాంటు అందుకుని సంచిలో కుక్కాడు, మర్చిపోయింది తెచ్చి ఇచ్చాడనుకున్నట్టున్నాడు. "థాంక్యూ, థాంక్యూ," అంటూ రెండు చేతులతో పాండురంగయ్య చెయ్యి ఊపి, భుజమ్మీద చెయ్యేసి ఫోటో కూడా తీయించుకున్నాడు. తలుపు మూసుకుంది. బస్సు గన్నవరం దారి పట్టింది.

పాండురంగయ్య లాండ్రీ గదికొచ్చి మిషను ఆపాడు. దాని వెనక గూట్లో హేమసుందర్ వదిలేసి వెళ్ళిన స్టీలు క్యారియరు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ శనివారం. శనివారం తను నీచు ముట్టడని హేమసుందర్ భార్య సత్యశ్రీ ఒక గిన్నె విడిగా పంపిస్తుంది. రెండేళ్ళుగా తింటున్నాడు. తిండి పెట్టి మచ్చిక చేసుకుంటున్నాడేమోనని మొదట్లో అనుమానపడ్డాడు కూడా.

క్యారియరు కిందికి దించి గొళ్ళెం తీశాడు. పై గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో చేపల పులుసు. అడుగు గిన్నెలో దోసకాయ పప్పు, దాని మీద రెండు ఊరమిరపకాయలు.