చెదరని వేలిముద్ర

ఆషాఢమాసంబున మన్యగిరిశిఖరంబులఁ గ్రమ్మిన కారుమొగుళ్లు మూఁడుదినంబు లెడతెగక వర్షించి నాలవనాఁటి మధ్యాహ్నంబున వెలిసినంతఁ గొండవాఁగు లెఱ్ఱనీటితో నుప్పొంగి ఘాటీమార్గంబున కడ్డంబుగాఁ బాఱుచుండెను. ఆ బురదత్రోవను పాంగి డొంబు అను గిరిజనుఁడు గుఱ్ఱముపై అల్లపుబస్తాలు వేసికొని సంతకుఁ బోవుచుఁ బోలీసులకుఁ జిక్కెను. వారు డొంబు నొడలు తడిమి బస్తాలు గ్రుమ్మరింపఁగా అల్లముక్రిందనుండి గంజాయిపొట్లములు బయల్పడెను. అవి తన్ను కూలికిఁ బిలిచిన షావుకారు వేసినవని డొంబు మొఱపెట్టుకొనెను గాని వినువారెవ్వరు?

ఎస్సై భుజంగరావు ముక్కుమీఁదఁ గోపముగలవాఁడు. విచారించి నిజము రాఁబట్టుటకంటెఁ గొట్టి ఒప్పించుట సులభమని యెఱిఁగినవాఁడు.

"ఒప్పుకోరా! సరుకు నాదేనని ఒక్కమాట చెప్పు."

"నాకేటీ తెల్దు బాబూ! అల్లమని సెప్పి సావుకారు ఎక్కించినాడు."

లాఠీ వీఁపున విఱిగెను. మఱియొక లాఠీ వచ్చెను. మోకాళ్లపైఁ గూలినవాని ఱొమ్మున బూటుకాళ్లతోఁ దన్నఁగా నోటినుండి నెత్తురు బురదలోఁ బడెను. అంతటఁ దనివి తీఱక భుజంగరావు వాని యెడమచేతిని బండపైఁ బట్టించి లాఠీమొదటితో బొటనవ్రేలిపైఁ బలుమాఱు మోదఁగా గోరూడి యెముక పుటుక్కున విఱిగెను. ఆ కేకకు గుఱ్ఱము బెదరి పగ్గము త్రెంచుకొని లోయలోనికిఁ బాఱిపోయెను. ఇంత చేసియు ఒప్పుకోలు మాత్రము రాలేదు.

సోదాకు ముందు "మేజిస్ట్రేటు ఎదుటఁగాని గెజిటెడ్ అధికారి యెదుటఁగాని సోదా కోరు హక్కు నీకుఁ గలదు" అని నిందితునకుఁ దెలుపవలయునని శాసనము. ఆ మాట నాఁడెవ్వరు నోరెత్తి పలుకలేదు. ఠాణాకుఁ జేరినపిమ్మటఁ దీఱికగాఁ గాగితము వ్రాసి "నాకట్టి సోదా అక్కఱలేదు" అని డొంబు చెప్పినట్లు చేర్చిరి. కొండవానికి సంతకమెందుకని క్రింద నొక యెడమ బొటనవ్రేలిముద్ర మాత్రము వేయించిరి. ఎవని వ్రేలో అడుగువాఁ డుండఁడని వారి ధీమా!

రెండేండ్లు జైలులోనే గడచెను. నేరము రుజువైనచో నిరువదియేండ్ల కారాగారవాసము. ప్రతి వాయిదాకు భార్య కాసులమ్మ కొండదిగి వచ్చి కోర్టువరండాలోఁ గూర్చుండి పోవుచుండెను. షావుకారిని మాత్రమొక్కదినమైనఁ బిలిచి యడిగినవాఁడు లేఁడు. ఎంత సిగ్గుమాలిన దర్యాప్తు!

తుదకు న్యాయాధిపతి వకుళాదేవి యెదుట భుజంగరావు బోనెక్కెను. అరెస్టునాఁటి సాయంకాలమున నాసుపత్రి వైద్యుఁడు వ్రాసిన గాయాలచీటి నామె చేతనుండెను.

"ఈ బొటనవ్రేలెట్లు విఱిగినది?"

"మమ్మల్ని చూడగానే పరుగెత్తి రాళ్లమీద పడ్డాడు మేడమ్."

"అది సోదాకు ముందా?"

"ముందేనండి."

"ఆ పిమ్మటనే మీరు హక్కును దెలిపి యీ ముద్ర వేయించితిరా?"

"అవునండి. మా కళ్లెదుటే వేశాడు."

వకుళాదేవి యా ముద్రగల కాగితము నెత్తి వెలుతురునకుఁ బట్టెను. అందలి ముద్రలో నొక్కరేఖయైనఁ జెదరలేదు. నెత్తుటిచుక్క లేదు.

"గోరూడి యెముక విఱిగిన వ్రేలు కాగితముపై నింత శుభ్రముగా నెట్లు పడినది?"

డొంబు తన వంకరవ్రేలి నెత్తిచూపి "ఆ ముద్ర నాది కాదమ్మా" అని యేడ్చెను.

న్యాయాధిపతి తీర్పు చదివెను. "గంజాయి విషమే. దాని నడఁచుటకు శాసన మింత కఠినశిక్ష విధించినది గనుకనే శిక్షించువారి చేతులకును హద్దులు పెట్టినది. ఆ హద్దులు దాఁటి తెచ్చిన సాక్ష్యముతో నే నొక మనుష్యుని యిరువదియేండ్లు పాతిపెట్టఁజాలను. పాంగి డొంబు నిర్దోషి." వరండానుండి కాసులమ్మ పరుగున వచ్చి గుమ్మమున నిలిచెను. వకుళాదేవి కాగితము మడువక సిరాపెట్టె తెప్పించి నాఁటి సోదాకుఁ బోయిన పోలీసులందఱును దమతమ యెడమ బొటనవ్రేళ్లముద్ర లిప్పుడే యిచ్చట వేయవలయునని యాజ్ఞాపించెను.

కానిస్టేబుళ్లు నలువు రొకరివెంట నొకరు వేసిరి. భుజంగరావు వంతు వచ్చెను. ఆతఁడు బల్లకడకు రెండడుగులు నడచి సిరాను జూచి యాగి యెడమచేతి బొటనవ్రేలిని లోనికి ముడిచి పిడికిలి బిగించెను.

ఆ పిడికిలిఁ జూచిన డొంబు తాను విడుదలయైన సంగతియే మఱచి రెండుచేతులతోఁ దల గప్పుకొని నేలఁ గూలఁబడెను.