వెర్నా లీ తిట్టిన హోటలు

బ్లూస్టెమ్ ఊళ్ళో అందరికీ కారుంది, ఇల్లుంది, ఇంటి వెనక మాంసం కాల్చుకునే పొయ్యి ఉంది. లేనిదల్లా ఎక్కడ తినాలన్న తెలివిడే. పొద్దు వాలేసరికి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరో ఒకరు బావురుమంటారు: "కొత్తగా వచ్చాం, మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది?" ప్రశ్న పడీ పడకముందే జవాబు పడేది. చెప్పేది వెర్నా లీ కొపెకీ.

"ఇంకెక్కడమ్మా, హైవే పక్కన రస్టీ లాసో! శుభ్రం, పెద్ద పార్కింగు, నవ్వుతూ పలకరిస్తారు. తప్పక వెళ్ళండి."

నీళ్ళ బిల్లులు కట్టించుకునే కిటికీ వెనక కూర్చుని కూర్చుని రిటైరైన మనిషి. ఎవరి పెరట్లో గడ్డి పచ్చగా ఉందో, ఎవరింట్లో మొగుడు వేరే గదిలో స్నానం చేస్తున్నాడో మీటరు చూసి చెప్పగలదు. అలాంటి మనిషి మాటకు ఎదురేముంది? కొత్తవాళ్ళు బిలబిలమంటూ వెళ్ళేవారు. బల్ల ఖాళీ అయిందని చెప్పే బజరొకటి చేతిలో పెడితే అది మోగేదాకా ఎండలో మాడి, ప్లాస్టిక్ ఎద్దుకొమ్ముల కింద కూర్చుని, ఫ్రీజరులోంచి లేచొచ్చిన మాంసం నమిలి, "థాంక్యూ వెర్నా లీ" అని ఫోటో పెట్టేవారు.

వెర్నా లీ రస్టీ లాసోలో అడుగుపెట్టింది ఒకే ఒక్కసారి. అదీ బాత్రూముకి.

దీన్ని అబద్ధం అంటే బ్లూస్టెమ్ పాతకాపులు ఒప్పుకోరు. చేపలు పడే మడుగు, మోసం చెయ్యని మెకానిక్కు, నోటికి రుచైన హోటలు, ఈ మూడూ వచ్చినవాడికల్లా చెప్పేవి కావు. కాలిఫోర్నియా నుంచి వచ్చేవాళ్ళకి అసలే కాదు. చెప్పామో, ఇవాళ లైను, రేపు ధర, ఎల్లుండి గోడలకి బూడిదరంగు, ఆపైన ఉసిరికాయంత టాకోని, అదే మాంసం చుట్టిన రొట్టెని, పలకరాయి మీద పెట్టి ఇస్తారు. అందుకని వాళ్ళని హైవే దగ్గరే ఆపేయాలి. వెర్నా లీ దృష్టిలో తాను ఊరికి కాపలా కుక్క. కాకపోతే మొరిగేది తప్పుడు దిక్కుకి.

ఆమె అసలు తినే చోటు ఫోర్త్ స్ట్రీటులో, టైర్ల షాపు వెనక. ఎండకి వెలిసిపోయిన రేకు మీద "టాకోలు" అని చేత్తో రాసి ఉంటుంది. హోటలు ఎల్విరా ఒల్గీన్‌ది. శనివారం రాత్రి ఆవు తలకాయని ఆవిరి మీద పెడితే ఆదివారం తెల్లారి మూత తీస్తుంది. చర్చిలో పూజ కాగానే కొపెకీ దంపతులు నేరుగా అక్కడికే. కిటికీ పక్క బల్ల వాళ్ళది. ఆ కుర్చీ కూడా వెర్నా లీ నడుముకి తగ్గట్టు వంగిపోయింది. ఎల్విరా కూతురు మారిసోల్‌కి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న జ్ఞానమాత వెర్నా లీయే. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు "కొమాద్రె" అనే పిలుచుకుంటారు. వదినా వియ్యపురాలూ కలిసిపోయినంత పిలుపది.

ఆ ఆదివారం ఎల్విరా వడ్డించి వెళ్ళిపోలేదు. చెంగులాంటి ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ ఎదురు కుర్చీలో కూలబడింది.

"తిను కొమాద్రె, బాగా తిను. నెలాఖరుకి మూసేస్తున్నా."

వెర్నా లీ చేతిలో రొట్టె చేతిలోనే ఆగింది. "ఏం మూస్తావే?"

"ఇంకేం మూస్తాను, నోరా? హోటలు. మారిసోల్ తనుండే ఊరికి, లారెడోకి రమ్మంటోంది. మనవల్ని చూసుకుంటూ పడుంటా."

"ఏమొచ్చింది ఇప్పుడు నీకు?"

"చుట్టూ చూడు." చూస్తే ఏముంది? ఒక మూల టైర్ల షాపు మనుషులిద్దరు. పక్క కుర్చీలో హోలిస్, అంటే వెర్నా లీ మొగుడు, రెండో ప్లేటు మీద ఉన్నాడు. "పాతవాళ్ళు పోతున్నారు. ఉన్నవాళ్ళకి డాక్టరు మాంసం మానమన్నాడు. కొత్తవాళ్ళా? ఊరు ఇంత పెరిగింది, ఒక్క పురుగు నా గడప తొక్కదు. ఆ హైవే పక్క కొమ్ముల హోటల్లో ఏం పెడుతున్నారో గానీ, బస్సులు కట్టుకుని పోతున్నారు. నా చేతి వంటే బాగాలేదేమో కొమాద్రె."

వెర్నా లీ చేతిలో రొట్టె ప్లేటులో పెట్టేసి ఎర్ర సోడా గుక్క మీద గుక్క తాగింది. హోలిస్ ప్లేటు మీంచి తలెత్తి భార్యకేసి ఒక చూపు చూశాడు. నలభై ఏళ్ళ కాపరంలో ఆ చూపుకి అర్థం ఒకటే: నీ నిర్వాకమే కదే ఇది.

ఇంటికి రాగానే వెర్నా లీ ఫోను ముందేసుకుంది. దాచిపెట్టి దాచిపెట్టి గింజలకి పురుగు పట్టించింది తనే. ఇప్పుడు తనే చాటెత్తాలి. రాసింది: "టైర్ల షాపు వెనక ఎల్విరా హోటలు. శుభ్రం, పార్కింగు ఉంది, నవ్వుతూ పలకరిస్తారు. తప్పక వెళ్ళండి."

పాపం, ఇన్నేళ్ళూ అబద్ధానికి వాడిన మాటలే నిజానికీ వాడింది. ఆమె దగ్గర ఇంకో జత లేదు.

జవాబులు వచ్చాయి. "లాసో గురించి కూడా ఇదే అన్నారు కదండీ, మా పిల్లాడికి రెండు రోజులు కడుపునొప్పి" అని ఒకామె. "టైర్ల షాపు వాళ్ళు ఎంతిచ్చారు పెద్దమ్మా?" అని ఇంకొకడు. అన్నిటికంటే పైన ట్రెంట్ రాశాడు. ట్రెంట్ కాలిఫోర్నియా నుంచి దిగి ఏడాది కాలేదు. గడ్డానికి నూనె రాస్తాడు, తినేముందు తిండికి ఫోటో తీస్తాడు. ఆ ఫోటోలు చూసే ఊళ్ళో కొత్తవాళ్ళంతా ఎక్కడ తినాలో నిర్ణయించుకుంటారు. అతనన్నదీ: "వెర్నా లీ గారు మెచ్చిన చోట మా కుక్క కూడా తినదు."

వెర్నా లీ ఫోను సోఫా మీదికి విసిరింది. "చూశావా, నిజం చెప్తే ఒక్కడూ నమ్మడు!"

హోలిస్ గాలానికి దారం చుడుతున్నాడు. తలెత్తలేదు. "ఎలా నమ్ముతారే? నన్ను తిట్టేటప్పుడు నీ మాటలో ఉండే నిజాయితీ పొగిడేటప్పుడు ఏనాడైనా ఉందా? పొగడ్త నీకు నప్పదు. తిట్టు మాత్రం, అబ్బ! వివరంగా, కళ్ళకు కట్టినట్టు తిడతావు. నా గురక గురించి నువ్వు మీ చెల్లెలికి చెప్తుంటే నాకే ఒకసారి వినాలనిపించింది."

వెర్నా లీ మొగుణ్ణి తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుంది. నోటి దాకా వచ్చిన తిట్టుని వృథా చెయ్యడమెందుకని ఫోను మళ్ళీ తీసింది. ఈసారి వేళ్ళు పరిగెత్తాయి.

"హెచ్చరిక! ఇందాక పొరపాటున పొగిడాను, క్షమించాలి. ఆ ఎల్విరా హోటలు దరిదాపులకి పోకండి. మెనూ లేదు. ఏది వండితే అది తెచ్చి ముందు పడేస్తుంది. ఆవు తలకాయని రాత్రంతా ఆవిరి మీద పెట్టి తెల్లారి మూత తీస్తే వాసన వీధి చివరిదాకా తగులుకుంటుంది. బట్టలుతికినా పోదు. రొట్టెలు ఫ్యాక్టరీవి కావు. మన కళ్ళముందే చేత్తో తట్టి పెనం మీంచి తీసిస్తే నా వేళ్ళు కాలాయి. పచ్చిమిరప పచ్చడి నాలిక మీద వేసుకుంటే చెవుల్లోంచి పొగ! కెచప్ అడిగితే నాకేసి ఎలా చూసిందంటే పోయిన మా అత్తగారు గుర్తొచ్చారు. ఫోర్కు లేదు. వేళ్ళు నాక్కోవాలి. లాసోలో ఉన్న నాగరికత ఇక్కడ వెతికినా దొరకదు. ఒక్క స్టారు, అదీ ఎర్ర సోడా చల్లగా ఉందని."

పంపే చోట బొటనవేలు ఆగింది. కూతురికి జ్ఞానమాతనై ఉండి తల్లి వంటని ఊరి ముందు ఈడ్చనా?

"ముందు ఆవిడకొక మాట చెప్పు" అన్నాడు హోలిస్.

"చెప్తే ఒప్పుకోదు. తాళం వేసుకుని లారెడో అన్నా పోతుంది గానీ దొడ్డిదారిన జనం వస్తామంటే రానివ్వదు. నీకు తెలీదూ దాని రోషం?"

"నీ కొమాద్రె, నీ ఇష్టం. నన్ను మాత్రం సాక్ష్యానికి పిలవకు."

వెర్నా లీ శిలువ గుర్తు వేసుకుని నొక్కింది.

వారమంతా ఎల్విరా ఫోనెత్తలేదు. వెర్నా లీకి గ్రూపు తెరిచి చూసే ధైర్యం లేదు. హోటలు పోతే పోయింది, మనిషి కూడా పోయిందా అని రాత్రిళ్ళు లేచి కూర్చునేది. హోలిస్ గురక కూడా ఆమెకి ఓదార్పుగా అనిపించిందంటే ఆలోచించండి.

ఆదివారం పూజలో ఫాదర్ ఏం చెప్పాడో ఆమెకి తెలియదు. ఫోర్త్ స్ట్రీటు మలుపు తిరిగేసరికి హోలిస్ బ్రేకు వేశాడు. టైర్ల షాపు చుట్టూ జనం. లైను హోటలు గుమ్మంలో మొదలై, టైర్ల గుట్టని చుట్టి, రోడ్డు మీదికి వచ్చింది. గడ్డాలు, యోగా ప్యాంట్లు, బుల్లి బుల్లి కుక్కలు. కిటికీ పక్క బల్ల దగ్గర, వంగిన ఆ కుర్చీలో, ట్రెంట్. ఒక టాకోని పన్నెండు కోణాల్లో ఫోటో తీస్తున్నాడు. అది చల్లారిపోతోంది. వెర్నా లీ గుండె కూడా.

లైనులో నిలబడిందో లేదో, కుక్కని చంకనెత్తుకున్న ఒకామె వెనక్కి తిరిగింది. "మీరే కదూ ఆ వెర్నా లీ?"

"అవునమ్మా, అయితే?"

"ఎంత ధైర్యమండీ మీకు! అన్ని మాటలని మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చారు?"

"వేళ్ళు నాక్కోవాలని రాశారు కదూ? నాక్కుంటాం! మీకెందుకు?" వెనకనుంచి ఎవరో. "కెచప్ అడిగిన మనిషిని అసలు లోపలికి రానివ్వకూడదు."

"ఈ హోటలు గురించి మీకేం తెలుసు?" అన్నాడు మొన్నటిదాకా లాసోలో బజరు పట్టుకుని తిరిగిన ఇంకొకాయన.

నలభై వేల మాటలు నాలిక చివరి దాకా వచ్చాయి. వెర్నా లీ అన్నీ మింగింది. జీవితంలో మొదటిసారి. హోలిస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు, అంతటి సంఘటన అది.

అప్పుడే గుమ్మంలోకి ఎల్విరా వచ్చింది. జుట్టు చెదిరింది, మొహం చెమట. వెర్నా లీని చూసింది. ఎల్విరా విసవిసా వచ్చి ఆమె రెక్క పట్టుకుని, పిండి బస్తాని లాగినట్టు హోటలు పక్కసందులోకి ఈడ్చుకుపోయింది. లైనులో జనం చప్పట్లు కొట్టారు.

వంటగది వెనక తలుపు దగ్గర ఆగింది.

"నా పచ్చడికి చెవుల్లోంచి పొగొస్తుందా?"

"కొమాద్రె, అది..."

"ఆగు. కెచప్ అడిగావా నువ్వు? నా హోటల్లో? మిగతావన్నీ సర్దుకున్నా గానీ ఆ ఒక్క ముక్క చదివి రాత్రంతా ఏడ్చాను. మారిసోల్‌కి ఫోను చేసి, 'చూడవే మీ జ్ఞానమాత ఏం చేసిందో' అన్నా. అది మొత్తం చదివి నవ్వింది! 'అమ్మా, తలకాయ ఎప్పుడు ఆవిరి మీద పెడతావో, ఎప్పుడు మూత తీస్తావో కూడా చెప్పి తిట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఆవిడకి నోరూరుతుంటే రాసినట్టుంది' అంది."

"మరి ఫోనెందుకు ఎత్తలేదే? చచ్చిపోయాననుకో!"

"మొదట కోపం. ఆపైన చేతులు ఖాళీ ఏవీ? శుక్రవారం నుంచీ ఇదే సంత. ఇవాళ రెండు తలకాయలు పెట్టా, అవీ చాలవు."

"అయితే లారెడో?"

"ఎక్కడి లారెడో! మారిసోల్నే ఇటు రమ్మన్నా, గిన్నెలు కడగడానికి."

వెర్నా లీ కళ్ళు తుడుచుకుంది. ఆపైన మనిషన్నాక ఆశ ఉంటుంది కదా, కిటికీ వైపు మెడ చాచింది. "ఆ గడ్డం వాడు లేస్తే నా బల్ల..."

"నీ బల్లా?" ఎల్విరా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్ను ఆ బల్ల దగ్గర కూచోబెడితే, ఇంత తిట్టినామెకి ఇంత మర్యాదేంటని వాళ్ళకి అనుమానం రాదూ? మనిద్దరం ఒకటేనని తెలిసిందో, రేప్పొద్దున నా కుండ మళ్ళీ చల్లారుతుంది. నువ్వు ఇక్కడ శత్రువ్వి కొమాద్రె. బుద్ధిగా శత్రువులా ఉండు."

"ఎన్నాళ్ళే?"

"వీళ్ళంతా కాలిఫోర్నియా తిరిగెళ్ళిపోయేదాకా."

"అంటే నేను చచ్చేదాకా అన్నమాట."

"దినానికి తలకాయ నేనే వండుతాలే" అని ఎల్విరా లోపలికి పోయి, రేకు కాగితంలో చుట్టిన పొట్లమూ రెండు ఎర్ర సోడాలూ తెచ్చి చేతిలో పెట్టి, తలుపు వేసుకుంది.

కొపెకీ దంపతులు పాత టైర్ల గుట్ట మీద కూర్చున్నారు. టైరుకి వంపుంది గానీ అది వెర్నా లీ నడుముకి తగ్గ వంపు కాదు. కిటికీలోంచి చూస్తే ట్రెంట్ ఇప్పుడు ఎర్ర సోడాకి ఫోటో తీస్తున్నాడు. పొట్లం విప్పితే ఆవిరి మొహానికి కొట్టింది. హోలిస్ తన వాటా కన్నా కొంచెం ఎక్కువే తీసుకున్నాడు.

అంతలో పెద్ద కారొకటి వచ్చి వాళ్ళ పక్కనే ఆగింది. అద్దం దిగింది. లోపల మొగుడూ పెళ్ళాం, వెనకాల ఇద్దరు పిల్లలు. నంబరు ప్లేటు ఇంకా పాత రాష్ట్రానిదే.

"పెద్దమ్మగారూ, ఈ లైనులో నిలబడటం దండగేనా? ఇంకెక్కడైనా మంచి చోటుందా?"

లైను ఒక్క కారు మేరకైనా తగ్గితే చాలు, ఆ కుర్చీ కాస్త దగ్గరవుతుంది. 'రస్టీ లాసో' అన్న మాట వెర్నా లీ పెదవుల మీదికి అలవాటుగా నడిచొచ్చేసింది. చేతిలో రొట్టె కేసి చూసింది. వేసిన తలుపు కేసి చూసింది. గొంతు సవరించుకుంది.

"ఇక్కడా? ఛీ ఛీ, వద్దు నాయనా. కారం. కుర్చీలు చాలవు. ఫోర్కు ఇవ్వరు. ఇదిగో చూడు, మోచేతిదాకా ఎలా కారుతోందో!"

కారు ఇంజను ఆగింది. పిల్లలు తలుపు తీసుకుని లైను వైపు పరుగెత్తారు.

వెర్నా లీ మోచెయ్యి నాక్కుంది.